చెయ్యి పెట్టి చెప్పిన మాట

మార్చి 4, బుధవారం

నా చీమకు,

మీ గంట రాస్తున్నది. ఇక్కడ మా ఆయనా నేనూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అన్నయ్యా అమ్మాయీ క్షేమమని తలుస్తానని రాయడం మర్యాద. కానీ నీ సంగతి తెలిసి కూడా ఆ ముక్క రాస్తే నువ్వు కాగితం చింపి పారేస్తావు. అందుకని మర్యాద పక్కన పెట్టి అడుగుతున్నాను. తింటున్నావా? నిద్ర పడుతోందా?

ఫోన్ చేస్తే ఎత్తవు. పదకొండు సార్లు చేశాను. ఒకసారి అన్నయ్య ఎత్తి, ఎవరితోనూ మాట్లాడనంటోందమ్మా, నువ్వేమీ అనుకోకు, అన్నాడు. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటానే? నర్సింగ్ హాస్టల్లో ఒకే మంచం కింద రెండు ట్రంకు పెట్టెలు దాచుకున్నవాళ్లం. నా గొంతు మూడంతస్తులు వినిపిస్తుందని నాకు గంట అని పేరు పెట్టింది నువ్వు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోకుండా వార్డంతా తిరుగుతావని నిన్ను చీమను చేసింది నేను. ముప్ఫై నాలుగేళ్లయింది, అసలు పేర్లు మన ఇద్దరి మధ్య ఎప్పుడూ నోటికి రాలేదు. ఫోనైతే పెట్టేస్తావు, ఉత్తరాన్ని ఏం చేస్తావో చూస్తాను.

ఇరవయ్యో తేదీ శుక్రవారం నర్సింగ్ కౌన్సిల్ ముందు నీ విచారణ. నర్సుల రిజిస్టరులో నీ పేరు ఉంచాలా, కొట్టెయ్యాలా అన్నది ఆ రోజు తేలుతుంది. కొట్టేస్తే మళ్లీ ఏ ఆసుపత్రిలోనూ నీ చేత సూది పట్టనివ్వరు. ఆ పైన కొట్టేసే కారణం పొరపాటు అని రాయరు, అబద్ధమని రాస్తారు. నువ్వు అబద్ధమాడావని ఎవడో గుమాస్తా రిజిస్టరులో ఎర్ర సిరాతో రాస్తాడు.

కౌన్సిల్ కాగితాల్లో జరిగింది ఎలా ఉందో చెబుతాను. నీకు తెలిసినదే కదా అని కోప్పడకు, వాళ్ల నోట ఎలా ఉందో నీకు తెలియాలి. జనవరి ఇరవై రెండు, మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలకు మీ వార్డు ఆరో గదిలో ఏసీ మిషన్‌లో మంట లేచింది. పద్నాలుగు మంది పేషెంట్లు. ఇన్‌ఛార్జ్ సిస్టర్, అంటే నువ్వు, అలారం మోగించి ఏడు నిమిషాల్లో పదమూడు మందిని బయటికి చేర్పించావు. అంతవరకు పగవాడు కూడా వంక పెట్టలేదు. తర్వాత వరండా గోడకున్న ఆక్సిజన్ వాల్వ్ పెట్టె దగ్గరికెళ్లి, వాల్వ్ మూశాను అని కేకేశావు. జూనియర్ సిస్టర్ విని తన చీటీలో టైము వేసుకుంది, మూడూ పన్నెండు. ఆ కేక విన్న ధైర్యంతోనే వార్డు మనుషులిద్దరు ఆరో గదిలోకి వెళ్లి, మిగిలిపోయిన పద్నాలుగో పేషెంటు దర్జీని మంచంతో సహా లాగారు. ఆక్సిజన్ ఆగలేదు. మంట ఒక్కసారిగా మంచం మీదికి ఎగసింది. నాలుగో రోజున దర్జీ పోయాడు. ఇంజనీరు వచ్చి పెట్టె చూస్తే వాల్వ్ పిడి తెరిచినట్టే ఉంది.

నువ్వేమో మూశాననే అంటున్నావు. నెలన్నరగా అదే మాట.

బయటి నిపుణుల చేత ఒక రిపోర్టు తెప్పించుకున్నారట. శిక్షణలో ఏ లోపమూ లేదు, వాల్వ్ మూశానన్న సిస్టర్ మాట వాస్తవం కాదు, తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్పిన మాట, అని ఉందట అందులో. నీకిచ్చిన నకలులో ఆఖరి పేజీ తీసేసి ఇచ్చారని అన్నయ్య చెప్పాడు. ఏం చేస్తాం, పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మంట లేస్తే ఏం చెయ్యాలో మీ ఆసుపత్రికి ట్రైనింగ్ ఇచ్చింది నేనే కదా. పంతొమ్మిది మాక్ డ్రిల్లులు, తొమ్మిదేళ్లలో. మూడోదాంట్లో శవం వేషం వేసిన మీ ఆఫీసు క్లర్కు చచ్చినవాళ్లకు కట్టే నల్ల చీటీ కట్టించుకుని గురక పెట్టి నిద్రపోవడం, నువ్వు నవ్వాపుకోలేక స్టోరు గదిలోకి పరుగెత్తడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. నా పాఠంలో లోపం లేదని ఎవరో రాస్తే నేను సంతోషించాలి. సంతోషం మాత్రం రావడం లేదు.

నా సలహా విను. మూశాననుకున్నాను, కంగారులో మరిచిపోయాను, క్షమించండి అని ఒక్క పేజీ రాసిచ్చెయ్. కంగారు మానవ సహజం, ఆరు నెలలు పక్కన పెట్టి వదిలేస్తారు. పంతానికి పోయావంటే పీకల మీదికొస్తుంది. ఇంకా నాలుగేళ్ల సర్వీసుందే నీకు. పట్టువిడుపులు ఉండాలని నువ్వే నాకు వెయ్యి సార్లు చెప్పావు.

వెంటనే జవాబు రాయి.

నీ గంట


మార్చి 12, గురువారం

చీమ గారికి నమస్కారాలు.

నీ కార్డు చదివాక ఒసేయ్ అని మొదలుపెట్టడానికి భయమేసింది. నాలుగంటే నాలుగు వాక్యాలు, ఒక్కొక్కటీ మొట్టికాయ. మరిచిపోయి ఉంటే మరిచిపోయాననే చెప్పేదాన్నని రాశావు. ఆ పెట్టె మీద నీ చెయ్యి పడటం నీకు తెలుసునని, నువ్వు చెప్పగా విన్నవాళ్లున్నారని రాశావు. చెయ్యని తప్పు ఒప్పుకుని నాలుగేళ్ల జీతం తినమని ఇంకోసారి రాస్తే నీ గుమ్మం తొక్కొద్దన్నావు. ఆ రిపోర్టు రాసిన మహానుభావుడెవరో కనుక్కో, ఈ లైనులో నీకు తెలియనివాళ్లెవరున్నారు, అన్నావు.

కనుక్కుంటానులే. దాని గొడవ తర్వాత. ముందు నేను చెప్పేది విను.

సోమవారం మీ వార్డుకు వెళ్లాను. ఇది వరకు వంద సార్లు వచ్చినదాన్నే, ఈసారి గోడ పట్టుకుని మెట్లెక్కాను. గోడలకు కొత్త రంగు వేశారు. అయినా ఆరో గది తలుపు దగ్గర ఆ కాలిన వాసన ఇంకా పోలేదు. నీ టేబుల్ దగ్గర ఎవరో కొత్త సిస్టర్ కూర్చుని ఉంది. నీ పెన్నుల గ్లాసు అక్కడే ఉంది, దాన్ని ముట్టుకోవద్దని వార్డు మనుషులు చెప్పారట.

అక్కడే దర్జీ భార్య కనిపించింది. ఆయన సొరుగులో మిగిలిపోయిన సామాను తీసుకెళ్లడానికి వచ్చింది. కళ్లజోడు, ఒక కొలతల టేపు. ఆసుపత్రి మంచం మీద కూడా పక్క పేషెంట్ల చొక్కాలు వదులయ్యాయని కొలతలు తీసేవాడట. నన్ను ఆఫీసు మనిషననుకుని చెయ్యి పట్టుకుంది. మీరేం చేసినా మా ఆయన తిరిగి రాడు, ఎవర్నీ శిక్షించమని నేను అడగట్లేదు, అంది. ఆ సిస్టరమ్మ పది రోజులు ఆయన్ని కన్నతండ్రిని చూసినట్టు చూసింది, గడ్డం కూడా తనే గీసింది, అలాంటి మనిషి మూయకుండానే మూశానని అబద్ధమాడిందంటున్నారు, నన్ను నమ్మమంటారా, అని అడిగింది. నమ్మితే ఆ పది రోజులు కూడా ఉత్తదే అనుకోవాలి కదమ్మా, అది నా వల్ల కావట్లేదు, అంది.

గంట గొణిగిందంటే నువ్వు నమ్మవు. ఏదో గొణిగి చెయ్యి విడిపించుకున్నాను.

ఆవిడ వెళ్లాక వరండాలోకి వచ్చి ఆ పెట్టె ముందు నిలబడ్డాను. నువ్వెలా నిలబడి ఉంటావో అలా నిలబడ్డాను. పొగ ఊహించుకున్నాను, అలారం ఊహించుకున్నాను. డ్రిల్లులో చేసినట్టే పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి, వాల్వ్ మూశాను, అని పైకే అన్నాను. అనడం, నా కాళ్లు వాటంతటవే పక్కకు తిరిగి రెండడుగులు వెయ్యడం ఒక్కసారే జరిగిపోయాయి. ఆ రెండడుగుల్లోనూ పని అయిపోయినట్టు మనసు హాయిగా ఉంది చీమా. నిజంగా మూసేసినట్టే ఉంది. తిరిగి చూస్తే పిడి కదల్లేదు. కదలకూడదు కూడా, లోపల పేషెంట్లున్నారు.

నా డ్రిల్లుల్లో మొదటి ఏడాది జరిగింది నీకు గుర్తుందో లేదో. ఓ ఆసుపత్రిలో ఒక సిస్టర్ డ్రిల్ మధ్యలో వాల్వ్ నిజంగానే మూసేసింది. పక్క గదిలో ఒక ముసలాయన నీలం తిరిగిపోయాడు. నిమిషంలో తెరిచాం, బతికాడు, కానీ డాక్టర్లు నన్ను కడిగి ఆరేశారు. ఆ రాత్రే కూర్చుని ఆ రూలు రాశాను. వాల్వ్ దగ్గర ముట్టుకుంటే చాలు, తిప్పొద్దు. చెయ్యి పెట్టు, గట్టిగా చెప్పు, ముందుకెళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ మూడు మాటలు పాఠంలా వల్లె వేయించాను. గట్టిగా చెప్పకపోతే మార్కులు కోసేదాన్ని. నీకు ఎప్పుడూ పదికి పదే వచ్చేవి. గుర్తుందా, అందరికంటే చిన్న మనిషివి, అందరికంటే పెద్ద కేక.

ఇప్పుడు నేనడిగే దానికి ఆలోచించకుండా జవాబు రాయి. అన్నయ్యను అడగొద్దు, లాయరును అడగొద్దు. ఆ రోజు పెట్టె మీద పడింది ఏ చెయ్యి? వేళ్లు పిడి చుట్టూ పట్టుకున్నాయా, అరచెయ్యి మూత మీద ఆనిందా? కళ్లు మూసుకుని చెయ్యి ముందుకు చాపు, నీ చెయ్యే చెబుతుంది. ఎందుకని అడక్కుండా రాసి పంపు. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి.

క్షమాపణ కాగితం ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. నేను పోయిన ఉత్తరంలో కూసింది మరిచిపో.

నీ గంట


మార్చి 18, బుధవారం

చీమా,

ఈ ఉత్తరం మా ఆయన చేత పంపుతున్నాను. పోస్టును నమ్ముకుంటే శుక్రవారం దాటిపోతుంది. ఆయన్ని వాకిట్లో నిలబెట్టకుండా కూర్చోబెట్టి కాసిని టీ నీళ్లు పొయ్యి. చదివేటప్పుడు మాత్రం నువ్వొక్కదానివే చదువు.

నీ కార్డు అందింది. కుడిది, అరచెయ్యి, మూత మీద. అంతే రాశావు. కింద, ఎందుకే, అని ఒక్క మాట. అరచెయ్యి మూత మీద ఆనిస్తే పిడి తిరగదు. మూత తెరవాలి, పిడిని వేళ్లతో పట్టుకోవాలి, పక్కకు లాగాలి. నువ్వు నిజంగానే చెయ్యి పెట్టావు, నిజంగానే చెప్పావు, నిజంగానే ముందుకెళ్లావు. నేను నేర్పింది పొల్లు పోకుండా చేశావు. మూయమని నేను నేర్పలేదు.

కానీ ఇది నా ఊహ అని కౌన్సిల్ వాళ్లు కొట్టిపారేస్తారు. స్నేహితురాలి కోసం కథలల్లుతోందంటారు. అందుకని రుజువు కోసం ఒక పని చేశాను.

మా ఆయన పైపుల పనివాడైనందుకు ఈ ముప్ఫై ఏళ్లలో మొదటిసారి సంతోషించాను. ఒక ఇనుప పెట్టె తెచ్చి, లోపల నిజం పిడి బిగించి, గోడకు తగిలించేలా తయారు చేశాడు. గాలీ లేదు, ఆక్సిజనూ లేదు, ఉత్త పైపు ముక్క. నిన్న ఇంకో ఆసుపత్రిలో నా ట్రైనింగ్ ఉంది. పన్నెండు మంది సిస్టర్లు. ఉదయమే అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఇది బొమ్మ పెట్టె, దీన్ని తిప్పితే ఎవరికీ ఏమీ కాదు, ఇవాళ నిజంగా మూయాలి, అర్థమైందా, అన్నాను. అర్థమైంది మేడమ్, అని పన్నెండు గొంతులూ పలికాయి. ఒకావిడ చేత తిరిగి చెప్పించాను కూడా. నిజంగా తిప్పాలి మేడమ్, అంది.

తర్వాత ఒక్కొక్కరినే వరండాలోకి పంపాను. పొగ మిషన్ పెట్టాను, అలారం మోగించాను, మంచాల మీద పడుకున్నవాళ్లను అరవమన్నాను. నేను స్తంభం పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డాను.

మొదటావిడ నా దగ్గర ఆరేళ్లుగా నేర్చుకుంటున్న మనిషి. పేషెంట్లను దాటించింది, పెట్టె దగ్గరికి పరుగున వచ్చింది, అరచెయ్యి ఆనించింది, వాల్వ్ మూశాను అని అరిచింది, వెళ్లిపోయింది. పిడి కదల్లేదు. ఒక్కరే కదా అనుకున్నాను. రెండో ఆవిడ అంతే. మూడో ఆవిడ కాస్త ఆగింది, అమ్మయ్య అనుకున్నాను, ఆగింది కళ్లజోడు సరిచేసుకోవడానికి. అరచెయ్యి, కేక, ముందుకు. నాలుగో ఆవిడ మూత తెరిచి పిడి లాగింది. అయిదు, ఆరు, ఏడు లాగలేదు. ఒక్కొక్క కేకా ఖణేల్‌మంటోంది, అచ్చం నేను నేర్పిన గొంతు. నా పాఠం నా కళ్ల ముందే వరసగా వచ్చి నా చెంప మీద కొట్టి పోతున్నట్టుంది.

చివరికి పన్నెండులో తొమ్మిది మంది మూయలేదు. ముగ్గురు మూశారు. ఆ ముగ్గురూ పోయిన నెలలో చేరినవాళ్లట, నా క్లాసులో అదే మొదటి రోజు.

ఎనిమిదో ఆవిడ సంగతి చెప్పాలి. అందర్నీ పిలిచి అడిగాను, ఎవరెవరు మూశారు, అని. పన్నెండు చేతులూ లేచాయి. ఈవిడ నడివయసు మనిషి, నీలాగే బక్కగా ఉంటుంది. మీరు మూయలేదమ్మా అన్నాను. మూశాను మేడమ్, నా చేత్తో మూశాను, మా పిల్లల మీద ఒట్టు, అంది. పెట్టె చూపించాను. పిడి వైపు చూసింది, తన చెయ్యి వైపు చూసుకుంది, అలాగే గోడకు జారి కింద కూర్చుండిపోయింది. మరి నేను అబద్ధం చెప్పినట్టా మేడమ్, అని నన్నే అడిగింది. నువ్వే అడిగినట్టనిపించింది. ఆవిడ పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. ఇరవై రెండేళ్లలో క్లాసులో ఏడవడం ఇదే మొదటిసారి. పొగ మిషన్ వల్ల అని సర్దుకున్నారు అందరూ.

అప్పటికప్పుడు పన్నెండు మందీ జరిగింది జరిగినట్టు రాసి సంతకాలు పెట్టి ఇచ్చారు. ఒక్కరూ వెనకాడలేదు. ఆ సిస్టర్ ఎవరో మాకు తెలియదు, కానీ రేపు మేం కూడా ఆవిడ స్థానంలో ఉండొచ్చు కదా మేడమ్, అన్నారు. ఈ ఉదయం ఆ కాగితాలూ, ఇనుప పెట్టే, నా వాంగ్మూలం పట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లి ఇచ్చి రసీదు తీసుకున్నాను. నేను పాఠం చెప్పిన నలభై ఒక్క ఆసుపత్రులకూ ఈమెయిల్‌లో ఉత్తరాలు పంపాను, ఆ పద్ధతి ఇవాళే ఆపెయ్యండి, పాఠం తప్పు, తప్పు నాది, అని. ఇప్పుడీ క్షణంలో ఎక్కడైనా మంట లేస్తే అన్న భయంతోనే రాశాను అవి.

ఇక నన్నెవరూ పిలవరు. మధ్యాహ్నానికే రెండు ఆసుపత్రులు ఫోన్ చేసి వచ్చే వారం రావద్దన్నాయి. మా ఆయన విని, ఇన్నాళ్లూ నీ నోటితో తిన్నాం, ఇక నా చేత్తో తిందాంలే, అన్నాడు. నవ్వించాలని అన్నాడు పాపం. నవ్వాను.

శుక్రవారం నిన్ను లేపి అడిగినప్పుడు మరిచిపోయానని అనకు, కంగారు పడ్డానని అనకు. ఎలా నేర్పారో అలా చేశాను, మూశాననే నమ్మాను, అని చెప్పు. అదే నిజం. తర్వాత నన్ను పిలుస్తారు. ఆ పెట్టె బల్ల మీద పెట్టి నా సంగతి నేను చెబుతాను. ఎవరినైనా వచ్చి చేసి చూడమంటాను. దర్జీ భార్యకు కూడా కబురు చేశాను, ఆవిడ వస్తానంది. వాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. శిక్షణలో లోపం లేదన్న రిపోర్టు ఒకటి వాళ్ల చేతిలో ఉంది కదా, దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇద్దరున్నారని విన్నాను. అయినా వదలను.

దర్జీ పోవడంలో నీ చెయ్యి ఉందని రోజూ కుమిలిపోతున్నావని అన్నయ్య చెప్పాడు. ఆ చేతిని అలా తయారు చేసింది నేను. ఆ బరువు నాది, నాకిచ్చెయ్. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

అన్నయ్యకు నమస్కారాలు, అమ్మాయికి నా ఆశీస్సులు. పెద్దమ్మ ఇన్నాళ్లూ రాలేదేమని అడిగితే చెప్పు, వస్తుందని.

ఎప్పటికీ నీ
గంట

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. మా ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తొందరగా రాస్తున్నాను.

ఆ రిపోర్టు రాసింది ఎవరో కనుక్కోమన్నావు. నేనే.

మంట లేచిన ఆరో రోజున మీ సూపరింటెండెంట్ పిలిచాడు. మీరు నెలజీతం మనిషి కాదుగా, బయటి నిపుణురాలే అవుతారు, మీ పేరు బయటికి రానివ్వం, రెండు పేజీలు రాసివ్వండి, అన్నాడు. ఫైల్లో నీ పేరు లేదు, ఇన్‌ఛార్జ్ సిస్టర్ అనే ఉంది. ఆ వార్డుకు పదిహేడేళ్లుగా ఇన్‌ఛార్జ్ ఎవరో నాకు తెలియదని నేనెవరితో చెప్పను? ఆ రోజు నా ముందు రెండే దారులున్నాయి. నా పాఠం తప్పనాలి, లేదా నీ మాట తప్పనాలి. వార్డుకు వెళ్లి పెట్టె కూడా చూడలేదు. అక్కడే కుర్చీలో కూర్చుని నలభై నిమిషాల్లో రాసి సంతకం పెట్టి, కాఫీ తాగి ఇంటికొచ్చాను. కప్పిపుచ్చుకోవడానికి చెప్పిన మాట అన్నది కూడా వాళ్లు రాయించింది కాదు, నాకు నేనుగా రాశాను. ఆ తర్వాతే నీకు పదకొండు సార్లు ఫోన్ చేశాను.

ఇవాళ దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని కౌన్సిల్‌కు రాసిచ్చాను. చింపెయ్యడం కుదరదట. శుక్రవారం మొదట ఆ రిపోర్టు మొత్తం పైకి చదువుతారు, ఆఖరి పేజీతో సహా, సంతకంతో సహా. ఆ తర్వాతే నా వాంగ్మూలం. మధ్యలో పావుగంట పడుతుందన్నాడు గుమాస్తా. ఆ పావుగంటలో వాళ్లంతా నీ మొహమే చూస్తుంటారు. అందుకని నన్ను తిట్టాల్సిందంతా ఇవాళ తిట్టెయ్, ఏడవాల్సిందంతా రేపటికల్లా ఏడ్చెయ్. పది గంటలకు వచ్చి, ముందు వరసలో కూర్చో.